రోడ్లు ఇరుకైన సంవత్సరం

మార్చి 4

పాసైనవాళ్ళు మామూలుగా స్వీట్లు తెస్తారు. నిన్న లైసెన్సు తెచ్చుకున్న బ్యాంకు అమ్మాయి మాత్రం ఈ డైరీ తెచ్చింది. "మేడమ్, మీరు తిట్టే తిట్లన్నీ ఇందులో రాసిపెట్టండి, మా వెనక వచ్చేవాళ్ళకి పనికొస్తాయి" అంది. నేను తిడతానా? చెప్తాను. కాస్త గట్టిగా చెప్తాను. ఇన్నేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని గట్టిగా చెప్పబట్టే ఈ ఊళ్ళో సగంమంది గోడలకి గుద్దకుండా ఇళ్ళకు చేరుతున్నారు.

తిట్లు రాయను. నా సంగతులు రాసుకుంటాను. ఎవరూ చదవరు కాబట్టి నిజమే రాస్తాను.

ఈరోజు నిజం: బుజ్జి ఎడమ అద్దం మళ్ళీ విరిగింది. బుజ్జి అంటే మా డ్రైవింగ్ స్కూలు కారు. ముందు గదిలో నా స్కూలు, వెనక షెడ్డులో మా ఆయన డెంటింగ్ పని. నా స్టూడెంట్లు సొట్టలు పెడతారు, ఆయన తీస్తారు. కాపురం సాఫీగా సాగుతోంది.

ఆయన కొత్త అద్దం బిగిస్తూ, "ఈ మధ్య దెబ్బలన్నీ ఎడమ పక్కనే ఎందుకు పడుతున్నాయే?" అన్నారు.

"నేర్చుకునేవాళ్ళకి ఎడమ పక్క అంచనా ఉండదు కదా."

"ఇదివరకు ఉండేదా?"

నేను టీ పెట్టడానికి లోపలికి వచ్చేశాను. ఈయనకి పని తక్కువైనప్పుడల్లా ఇలాంటి ప్రశ్నలు పుడతాయి. అసలు సంగతి ఏమిటంటే రోడ్లు ఏటికేడాది ఇరుకైపోతున్నాయి. దానికి స్టూడెంట్లు మాత్రం ఏం చేస్తారు?

మార్చి 9

డాక్టరమ్మ మూడోసారి ఫెయిలయింది.

ఆవిడ కంటి డాక్టరు. నలభై అయిదు దాటిన మనిషి. కంటిలోపల ఆవగింజంత చోట ఆపరేషన్ చేస్తుందట, చెయ్యి వణకదట. అదే మనిషికి స్టీరింగ్ ఇస్తే ముందున్న రోడ్డు మీద ఒక చుక్క ఎంచుకుని, దాన్నే కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంటుంది. అద్దం చూడదు, పక్క సందు చూడదు. లైసెన్సు ఆఫీసరు ప్రతిసారీ అదే మాట చెప్పి పంపించేస్తాడు, అద్దాలు చూడట్లేదని.

"డాక్టరమ్మా, కళ్ళు ఒకచోట నిలపకండి. ముందు, అద్దం, పక్క, మళ్ళీ ముందు. తిప్పుతూనే ఉండాలి" అని నా గొంతు పోయింది.

"మా పనిలో కన్ను కదిలితే కొంప మునుగుతుంది మేడమ్. అలవాటు" అంది.

"మా పనిలో కదలకపోతే మునుగుతుంది."

నా కళ్ళు నిద్రలో కూడా అద్దాలు వెతుకుతాయని మా ఆయన వెక్కిరింత. వెక్కిరించనీ. ఇది మా నాన్న నేర్పిన విద్య. సిటీ బస్సు నడిపినంత కాలం ఒక్క కోడిపిల్లని కూడా తొక్కలేదు ఆయన.

మార్చి 11

మా గేటు ఎడమ స్తంభం ఎవరో జరిపినట్టున్నారు. మా ఆయన జరపలేదంటున్నారు.

మార్చి 16

ఈరోజు జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

మార్కెట్ వెనక రోడ్డు. డాక్టరమ్మ నడుపుతోంది, నేను పక్కన. ఎప్పుడూ దేనికీ సమయానికి బ్రేకు వెయ్యని మనిషి ఉన్నట్టుండి గట్టిగా బ్రేకు వేసింది. నా తల ముందుకు ఊగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నడిరోడ్డు మీద ఆపుతారేంటండీ, వెనకవాళ్ళు వచ్చి గుద్దరా?" అన్నాను.

అప్పుడు ఎడమ పక్కనుంచి ఒక తోపుడు బండి, దాని నిండా ఖాళీ డబ్బాలు, మెల్లగా కారు ముందుకు వచ్చింది. తోసేవాడు మాకేసి చూసి తల ఊపుతూ దాటిపోయాడు.

నా కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంది. దాన్ని నొక్కాల్సింది నేను. అందుకే నాకు ఆ సీటు.

"మేడమ్, ఆయన మీకు కనిపించలేదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"కనిపించాడు. మీరు ఆపుతారో లేదో చూద్దామని ఊరుకున్నా" అన్నాను.

"మంచి పరీక్షే పెట్టారు" అంది. కానీ నవ్వలేదు.

మార్చి 17

కనిపించాడు. కనిపించే ఉంటాడు. సందులోంచి హఠాత్తుగా వస్తే ఎవరికి మాత్రం కనిపిస్తాడు?

మార్చి 18

ఆ రోడ్డుకి ఎడమ పక్క సందు లేదు. ఈరోజు నడిచి వెళ్ళి చూశాను. పొడుగాటి గోడ ఉంది. అంటే అతను ఆ గోడ పక్కనే చాలాసేపటి నుంచి నడిచి వస్తూ ఉండాలి.

సాయంత్రం క్లాసుకి డాక్టరమ్మ వచ్చింది. కారెక్కకుండా ఆఫీసు గదిలో నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"కుడి కన్ను మూసుకుని నా ముక్కు చూడండి. పక్కన ఎన్ని వేళ్ళు చూపిస్తున్నానో చెప్పండి" అంది.

"రెండు."

"నా ముక్కు చూడమన్నాను మేడమ్."

"ముక్కే చూస్తున్నా."

"మీరు నా ముక్కు, వేళ్ళు, తలుపు, గడియారం, మళ్ళీ ముక్కు చూస్తున్నారు."

లోపలికి వస్తున్న మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయి పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాను. నా కళ్ళు నా మాట వినవు. పది లెక్కపెట్టేలోగా ఊరంతా తిరిగొస్తాయి.

"మీకు కళ్ళ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు?" అంది.

"లైసెన్సు రెన్యువల్ అప్పుడల్లా చేస్తారు. కింది వరుస దాకా గడగడా చదువుతాను."

నిజమే చెప్పాను. కాకపోతే ఆ అక్షరాల బోర్డు నాకు ఎప్పుడో కంఠతా వచ్చేసింది. స్టూడెంట్లని తీసుకెళ్ళి ఆ వరండాలో కూర్చున్నప్పుడల్లా ఎదురుగా అదే కదా కనిపించేది. ఈ మాట ఆవిడతో అనలేదు.

ఆవిడ లేచి బ్యాగు భుజాన వేసుకుంది. "మీరు ఆస్పత్రికి వచ్చేదాకా నేను క్లాసుకి రాను. మీ పక్కన కూర్చోవడానికి భయపడి కాదు. మీరు నా పక్కన కూర్చుని ఏం చూస్తున్నారో తెలియాలి."

మా ఆయన వైపు చూశాను, ఏదైనా అంటారేమోనని. ఆయన బుజ్జి ఎడమ తలుపుకేసి చూస్తున్నారు.

మార్చి 20

ఎందుకు వెళ్ళడం? పేపరు చదువుతున్నాను. సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఎదురు మేడ మీద ఆరేసిన బట్టల్లో ఏది ఎవరిదో చెప్పగలను. ఇంతకంటే ఏం కావాలి?

అన్నయ్యతో ఫోనులో చెప్తే, "మన కుటుంబంలో అందరివీ గద్ద కళ్ళే. డాక్టర్లకి వేరే పనేం ఉంటుంది" అన్నాడు. అన్నయ్య బ్రెడ్డు ఫ్యాక్టరీ వ్యాను నడుపుతాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, పంతానికి మాత్రం ఇరవయ్యేళ్ళు పెద్ద.

వెళ్ళను.

మార్చి 23

వెళ్ళాను.

అక్షరాల బోర్డు పెట్టారు. మా లైసెన్సు ఆఫీసుది కాదు, వేరేది. అయినా కింది దాకా చదివేశాను. డాక్టరమ్మకేసి చూశాను, చూశావా అన్నట్టు. ఆవిడ మొహంలో మార్పు లేదు. తెల్లకోటులో ఈవిడ వేరే మనిషి. కారులో చేతులు కట్టేసినట్టు కూర్చునే మనిషేనా అనిపించింది.

తర్వాత కంట్లో ఒత్తిడి కొలిచారు. నీలం దీపం ఒకటి కంటికి ఆనేంత దగ్గరగా వచ్చింది, నొప్పి ఏమీ లేదు. ఒకటికి రెండుసార్లు కొలిచారు. ఆ తర్వాత ఒక కన్ను మూసి, పెద్ద తెల్లటి గిన్నె లాంటి మిషను ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. చేతికో బటన్ ఇచ్చారు. మధ్యలో ఉన్న పసుపు దీపాన్నే చూస్తూ ఉండాలి, చుట్టూ ఎక్కడైనా చిన్న మెరుపు కనిపిస్తే బటన్ నొక్కాలి. ఇంతే.

ఇంతే అనుకున్నాను. మెరుపు వచ్చేదాకా ఆగడం నా వల్ల కాలేదు. నా కళ్ళు గిన్నె అంతా వెతుక్కుంటూ తిరిగాయి. ఒకటి కూడా తప్పిపోలేదని గర్వంగా బయటికొచ్చాను.

డాక్టరమ్మ కాగితం చూసి, "ఈ రిపోర్టు చెల్లదు. మీరు మధ్యలోకి చూడనే లేదని మిషను పట్టేసింది" అంది.

అంటే నేను కూడా ఫెయిల్.

"మేడమ్, ఇప్పుడు అర్థమైంది" అంది ఆవిడ మెల్లగా. "మీ కంట్లో ఎక్కడైనా చూపు తగ్గినా మీకు తెలీదు. కళ్ళు తిప్పి తిప్పి ఆ ఖాళీని మీరే పూడ్చేసుకుంటున్నారు. వేరేవాళ్ళయితే ఎప్పుడో తట్టుకుని పడి, నా దగ్గరికి వచ్చేవాళ్ళు. మీ అలవాటు మిమ్మల్ని ఇన్నాళ్ళూ కాపాడింది, సంగతి తెలియకుండా దాచేసింది కూడా."

మళ్ళీ కూర్చోబెట్టింది. ఈసారి తనే నా వెనక నిలబడింది. "అద్దం చూడకండి. పక్క చూడకండి. ముందుకే చూడండి. నేను కారు నడిపినట్టు చూడండి" అంది.

ఆవిడ రోడ్డు మీద చుక్కని ఎలా చూస్తుందో గుర్తు తెచ్చుకున్నాను. అచ్చం అలాగే పసుపు దీపాన్ని పట్టుకుని కూర్చున్నాను. మెరుపులు వచ్చాయి, నొక్కాను. ఎడమ కంటి వంతు వచ్చేసరికి, చాలాసేపు మెరుపే రాలేదు. మిషను చెడిపోయిందేమో అనుకున్నాను.

మిషను చెడిపోలేదు.

మార్చి 24

గ్లాకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి, లోపల చూపు మోసే నరాన్ని మెల్లమెల్లగా నొక్కేస్తుందట. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పక్క చూపు ముందు పోతుంది, ఎదురుగా చూపు చివరిదాకా ఉంటుంది. అందుకే అక్షరాలు చదవగలను, తోపుడు బండి చూడలేను. ఎడమ కంట్లో పోయింది తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పేసింది. మిగిలింది నిలబెట్టుకోవచ్చట. మందు ఉంది, లేజర్ ఉంది.

"క్లాసులు చెప్పొచ్చా?" అని అడిగాను. నాకు కావలసింది ఆ ఒక్క జవాబే.

"రెండు కళ్ళూ తెరిచి ఇంకో పరీక్ష చేస్తాను, ఒత్తిడి దిగాక. అందులో చాలినంత చూపు కనిపిస్తే చెప్పొచ్చు. చాలకపోతే ఆ సీట్లో కూర్చోవద్దని నేనే రాసి ఇస్తాను" అంది. మొహమాటం లేకుండా చెప్పినందుకు కోపం వచ్చింది. నేనూ స్టూడెంట్లకి అలాగే చెప్తానని తర్వాత గుర్తొచ్చింది.

ఇంట్లో ఇంకెవరికైనా చూపు పోయిందా అని అడిగితే, "నాన్నకి. పెద్దతనం" అన్నాను.

"ఎన్నేళ్ళకి?"

"అరవై లోపే."

"అది పెద్దతనం కాదు మేడమ్."

ఇంటికొచ్చి చాలాసేపు వంటింట్లో స్టవ్ వెలిగించకుండా నిలబడ్డాను. బస్సు మానేసే ముందు ఏడాది నాన్న అన్నం తింటూ అనేవాడు, "రోడ్లు ఇరుకైపోయాయే అమ్మాయ్" అని. అమ్మ, అన్నయ్య, నేను అందరం ఒప్పుకునేవాళ్ళం. అవును, ఇరుకైపోయాయి అని. కాసేపయ్యాక ఈ డైరీ తీసి మొదటి పేజీ చదివాను.

నేనూ అదే రాశాను.

ఏడిచాను. రాసుకుంటానన్నాను కాబట్టి రాస్తున్నాను. తర్వాత మా ఆయన వచ్చి, "నీ గేటు స్తంభం వెనక్కి జరిపించనా?" అని అడిగారు. ఏడుపులో నవ్వొచ్చి ముక్కు కారింది. ఆయనకి ఎప్పటినుంచో అనుమానమేనట. అడిగితే నేను ఒంటికాలి మీద లేస్తానని సొట్టలు చూపించి ఊరుకున్నారట.

మార్చి 25

బోర్డు తిప్పేశాను. "క్లాసులు లేవు."

మార్చి 29

చుక్కల మందు వేసుకోవడం కారు నడపడం కంటే కష్టం. మొదటి చుక్క చెంప మీద, రెండోది చెవిలో. మా ఆయన సీసా లాక్కుని, "తల ఎత్తు, కదలకు" అని బోల్టుకి నూనె వేసినట్టు సరిగ్గా వేశారు. "ఇన్నేళ్ళలో నువ్వు నా మాట విని కదలకుండా ఉండటం ఇదే మొదలు" అన్నారు.

ఏప్రిల్ 8

ఈరోజు లేజర్. రాత్రంతా ఏవేవో ఊహించుకున్నాను, కన్ను కోస్తారేమో, కట్టు కడతారేమో అని. కోయడం లేదు, కట్టూ లేదు. మొద్దుబారడానికి ఒక చుక్క వేశారు. మళ్ళీ గడ్డం ఆనించి కూర్చున్నాను. ఆకుపచ్చ మెరుపులు టిక్కు టిక్కుమంటూ వచ్చాయి. నేను ఒక టీ తాగేంత సేపట్లో అయిపోయింది. కాసేపు కూర్చోబెట్టి ఒత్తిడి కొలిచి ఇంటికి పంపేశారు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. నాన్నగారి రోజుల్లో ఇంత సులువు కాదు" అంది డాక్టరమ్మ.

"నాన్న అసలు రానే లేదు కదా" అన్నాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది.

కారు మా ఆయన నడిపారు. ఎంత నెమ్మదిగా నడుపుతారంటే సైకిళ్ళు దాటిపోయాయి. నోరు మూసుకుని కూర్చున్నాను. రెండుసార్లు మాత్రం గేరు మార్చమన్నాను.

మే 6

ఒత్తిడి దిగింది. రెండు కళ్ళ పరీక్ష చేశారు. బటన్ పట్టుకున్న చెయ్యి చెమట పట్టేసింది. కళ్ళు మాత్రం కదలలేదు, నేను గెలిచాను. రిపోర్టు వచ్చేదాకా వరండాలో అన్ని పోస్టర్లూ చదివాను. నలభై దాటినవాళ్ళు చూపు బాగానే ఉన్నా సరే పరీక్ష చేయించుకోవాలని రాసి ఉంది. ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇంకా ముందే చేయించుకోవాలని కూడా ఉంది. ఈ పోస్టరు మా లైసెన్సు ఆఫీసులో, ఆ అక్షరాల బోర్డు పక్కన ఉండాలి.

డాక్టరమ్మ బయటికి వచ్చి, అచ్చం లైసెన్సు ఆఫీసరులా మొహం పెట్టి, "పాస్" అంది.

కుడి కన్ను ఎడమ కంటి లోటు భర్తీ చేస్తోందట. క్లాసులు చెప్పొచ్చు. చీకటి పడ్డాక వద్దు. ఆరు నెలలకోసారి పరీక్ష తప్పకూడదు, మందు ఒక్కరోజు కూడా ఆపకూడదు.

నేను ఆస్పత్రి వరండాలోనే ఆవిడని వాటేసుకున్నాను. రోగులు చూశారు. చూడనీ.

మే 7

బోర్డు మళ్ళీ తిప్పాను. మా ఆయన బుజ్జికి నా వైపు రెండో అద్దం ఒకటి బిగించారు, గుండ్రంది, గోడ అంతా కనిపించేది.

మే 21

డాక్టరమ్మకి కొత్త పద్ధతి మొదలుపెట్టాను. గిన్నె మిషనులో నేను ఆవిడలా చూడటం నేర్చుకున్నాను కాబట్టి, ఇప్పుడు ఆవిడ నాలా చూడటం నేర్చుకోవాలి. "అద్దం" అని నేను అనగానే అందులో ఏం కనిపిస్తోందో పైకి చెప్పాలి. "ఆకుపచ్చ ఆటో, స్కూటరు మీద ఇద్దరు, మా ఆస్పత్రి అంబులెన్సు" అని చెప్పుకుంటూ పోయింది. క్లాసయ్యేసరికి ఇద్దరికీ గొంతు బొంగురుపోయింది. ఒక్కసారి కూడా నా బ్రేకు మీద కాలు వెయ్యాల్సి రాలేదు.

జూన్ 10

డాక్టరమ్మ పాసైంది. స్వీట్ల బదులు చుక్కల మందు సీసా తెచ్చింది. చమత్కారమట.

అన్నయ్యకి అయిదోసారి చెప్పాను పరీక్షకి రమ్మని. "నీకు వచ్చిందని నాకూ రావాలా? నువ్వు అమ్మ పోలిక, నేను నాన్న పోలిక" అన్నాడు.

నాన్న పోలికే కదా నా భయం. వాడికి ఏమీ పట్టలేదు.

జూలై 2

ఈరోజు మధ్యాహ్నం అన్నయ్య వ్యానుతో వచ్చాడు, షెడ్డుకి. ఎడమ పక్క పొడుగునా గీత పడింది. మా ఆయన దాన్ని చేత్తో తడిమి నాకేసి చూశారు.

"ఏమైంది అన్నయ్యా?" అన్నాను.

"ఏముందే, గోడ తగిలింది. ఈ మధ్య రోడ్లు మరీ ఇరుకైపోయాయి" అన్నాడు.

వాడి చేతిలోంచి తాళాలు తీసుకుని మా ఆయనకి ఇచ్చాను. వాడి మోచెయ్యి పట్టుకుని బుజ్జి దగ్గరికి నడిపించి పక్క సీట్లో కూర్చోబెట్టి తలుపు వేశాను.

"ఎక్కడికే?"

"నాన్న కూడా ఇదే మాట అనేవాడు. గుర్తుందా?"

వాడు బెల్టు పెట్టుకున్నాడు. ఆస్పత్రి దాకా ఒక్క మాట మాట్లాడలేదు, నా డ్రైవింగుకి వంక కూడా పెట్టలేదు. వాడి జీవితంలో ఇంతసేపు ఊరుకోవడం నేను చూడలేదు.

జూలై 4

అన్నయ్యకీ ఉంది. ఒత్తిడి నాకంటే ఎక్కువ. కానీ నరం చాలావరకు బాగానే ఉందట, పక్క చూపు అంచున కొంచెమే తగ్గిందట. "మంచి సమయానికి తెచ్చారు" అంది డాక్టరమ్మ. వచ్చే వారం లేజర్, తర్వాత చుక్కలు. వ్యాను నడుపుకోవచ్చు.

అన్నయ్య బయటి బెంచీ మీద కూర్చుని చేతులు చూసుకుంటూ, "నాన్నని అప్పుడే తీసుకొచ్చి ఉంటే" అన్నాడు. మాట పూర్తి చెయ్యలేదు. నేను పక్కన కూర్చున్నాను. తర్వాత వాడే, "ఆ గిన్నెలో నేను ఒక్కసారి కూడా కన్ను తిప్పలేదు తెలుసా, మొదటిసారే పాస్" అన్నాడు.

అందులో కూడా నామీద గెలవాలి వాడికి.

నవంబర్ 5

ఆరు నెలల పరీక్ష. అన్నయ్యని కూడా రమ్మన్నారు. డాక్టరమ్మకి ఈరోజు సెలవే, అయినా తనే సొంత కారు నడుపుకుంటూ వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. ముందు సీటు అన్నయ్య ఆక్రమించాడు. నేను వెనక. అక్కడ నా బ్రేకు లేదు. అయినా ప్రతి మలుపులోనూ నా కాలు కింద చాపని నొక్కుతూనే ఉంది.

"అద్దం" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"వెనక సీట్లో మేడమ్, మొహం గంటు పెట్టుకుని" అంది ఆవిడ అద్దంలోకి చూసి.

ఆస్పత్రిలో పరీక్ష అయ్యాక పాత రిపోర్టూ కొత్త రిపోర్టూ పక్కపక్కన పెట్టి చూపించింది. నావి రెండూ ఒకేలా ఉన్నాయి. ఎడమ కంట్లో పోయిన చోటు అంతే ఉంది, ఒక్క చుక్క కూడా పెరగలేదు. ఏమీ మారలేదు అన్న మాట ఇంత తియ్యగా ఉంటుందని నాకు ఇదివరకు తెలీదు. అన్నయ్యదీ అంతే.

దింపేటప్పుడు మా గేటు దగ్గర ఎడమ పక్క జానెడు చోటు వదిలి చక్కగా ఆపింది. నేను నేర్పిందే.

ఇప్పుడే చుక్కలు వేసుకున్నాను. అన్నయ్యకి ఫోన్ చేసి వేసుకున్నావా అంటే, "ఆఁ, ఎప్పుడో" అన్నాడు. గొంతు వింటే తెలుస్తోంది, అబద్ధం. పెట్టేసి, కాసేపాగి మళ్ళీ చేశాను. ఈసారి కళ్ళు భగ్గున మండుతున్నాయని నన్ను నానా తిట్లూ తిట్టాడు. హాయిగా అనిపించింది. ఇక పడుకుంటాను.